అప్పమ్మ నొప్పి ఏ రాష్ట్రానిది?

రోగాలకు సరిహద్దులు లేవనుకునే రోజులు పోయాయి. రెండువేల ఎనిమిదిలో కలకత్తాలో వెలిసిన అంతర్రాష్ట్ర దూరవైద్య నియంత్రణ మండలి ఆ అరాచకానికి ముగింపు పలికింది. ఒక రాష్ట్రపు డాక్టరు ఇంకో రాష్ట్రపు రోగిని కంప్యూటరు తెర మీద చూడాలంటే, ముందు ఆ నొప్పి ఎవరిదో తేలాలి. ఏ భాషలో చెప్పుకుంటే ఆ రాష్ట్రానిది. (మూగవారి సంగతి ఉపసంఘం పరిశీలనలో ఉంది.)

కలకత్తా పక్కనే ఉన్న లిలువా రైల్వే వర్క్‌షాపులో పనిచేసే కోదండం తన భార్య అప్పమ్మను ఈ మండలికి తీసుకొచ్చాడు. ఆమెది పుట్టినప్పటినుంచీ తెలుగు, బెంగాలీ రెండు భాషల నోరు. కంగారు పడితే సరిగ్గా అక్కర్లేనిదే ముందొస్తుంది. మొన్న బెంగాలీ డాక్టరు దగ్గర "గుండె, గుండె" అంది. ఆయన గూండా అనుకుని పోలీసు ఠాణాకు వెళ్లమన్నాడు. అందుకని తెలుగాయనే నయమని విశాఖ డాక్టరును అడగడానికి వచ్చారు.

మండలిలో తెలుగు నొప్పుల పరిశీలకులు జానకిరామ్ గారు. "ఎక్కడమ్మా నొప్పి?" అన్నారు.

"బుకులో బాబూ, బుకులో," అంది అప్పమ్మ ఛాతీ పట్టుకుని.

జానకిరామ్ గారు కలం మూసేశారు. "బుక్ అనేది ఛాతీకి బెంగాలీ మాట. ఈ నొప్పి మాది కాదు."

"మీది కాదు బాబూ, ఆవిడిది! గుండంటే గూండా అన్నారు, బుకంటే బెంగాలీ అంటన్నారు. మనిషి సచ్చిపోతే ఏ బాసలో ఏడాల?" అని కోదండం గోలపెట్టాడు.

"అది మా పరిధిలోకి రాదయ్యా," అన్నారు జానకిరామ్ గారు, నిజంగానే బాధపడుతూ.

(ఈలోగా ఒరిస్సా ప్రతినిధి లేచి, విశాఖకు వెళ్లే కంప్యూటరు తీగ తమ నేల మీదుగా పోతోంది కనుక నొప్పిలో తమకూ వాటా కావాలన్నారు. చర్చ టీ వచ్చేదాకా సాగింది.)

అప్పమ్మ బెంచీ మీద వాలిపోయింది. "సచ్చిపోతన్నానురా నాయనో!" అని మూలిగింది.

జానకిరామ్ గారి ముఖం వెలిగిపోయింది. "అచ్చ తెలుగు!" అని అరిచి అక్కడికక్కడే మంజూరు చేశారు. తెర మీద విశాఖ డాక్టరు ఆమెను చూడగానే మండిపడ్డాడు. "ఏం చేస్తున్నారయ్యా అక్కడ? ముందు దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకుపొండి!"

దగ్గర్లో ఉన్న ఆసుపత్రి వీధికి అవతలే ఉంది. కోదండం ఆమెను చేతుల మీద మోసుకెళ్లాడు. గుమ్మం దగ్గర గుమాస్తా మండలికి ఫోను చేసి కనుక్కుని, ఎంతో మర్యాదగా చేతులు జోడించాడు.

"చేర్చుకోలేం దాదా. ఈ నొప్పి ఆంధ్రకు మంజూరైపోయింది."