పోర్ట్ హాలమ్‌లో వాన పడలేదు

ఇకమీదట పోర్ట్ హాలమ్ నగరంలో వాన పడదని మా మేయర్ నెవిల్ క్రోథర్ గారు కిందటి నవంబరులో ప్రకటించారు. పాత కస్టమ్స్ హౌస్ మెట్ల మీద సభ జరిగింది. బడిపిల్లల బ్యాండు, ఉడికించిన రొయ్యలు, చల్లటి బీరు, దేనికీ లోటు లేదు. పథకం పేరు ఎండ గ్యారంటీ. మా ఊరు చూడటానికి వచ్చినవాళ్ల మీద ఏ రోజు వాన పడితే ఆ రోజు వాళ్లకు మధ్యాహ్న భోజనం ఉచితం. ఆస్ట్రేలియాలోని ఈ క్వీన్స్‌లాండ్ తీరంలో ఇంతటి సాహసం మరెవరూ చెయ్యలేదు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడ వానాకాలం కావడం వల్ల ఎవరికీ ధైర్యం చాలలేదు.

మా దగ్గర మేయర్నైనా మంగలినైనా పేరు పెట్టే పిలుస్తాం. ఆయన్ని ఊరంతా నెవ్ అంటుంది. రాసేటప్పుడు మాత్రం నేను 'గారు' తగిలిస్తాను, ఎంతైనా జీతమిచ్చే మనిషి. నగరసభ వారి టాప్ లేని రెండంతస్తుల టూరిస్టు బస్సు నడిపేది నేనే, మైకులో చరిత్ర చెప్పేదీ నేనే. కస్టమ్స్ హౌస్, పాత జైలు, ఒకానొక గవర్నరు ఒక్క రాత్రి పడుకుని దోమల గురించి ఫిర్యాదు చేసిన హోటలు, ఇవన్నీ చూపించి చివరికి రేవు దగ్గర దెస్పీనా కరాలిస్ చేపల హోటల్లో దింపుతాను. దెస్పీనా తాతగారు గ్రీసు నుంచి వచ్చి పెట్టిన హోటలది. అక్కడ బారముండి చేప తిననివాడు మా ఊరు వచ్చినట్టే కాదు.

ఉచిత భోజనం ప్రకటించే భారం నెవ్ గారు మోశారు. పెట్టే పుణ్యం హోటళ్లవాళ్లకు వదిలేశారు.

డిసెంబరు మొదటివారంలో వాన పట్టుకుంది. నా బస్సులో పైన కూర్చున్నవాళ్లంతా తడిసి ముద్దై, సంతోషంగా దెస్పీనా హోటల్లోకి వెళ్లి ఉచితంగా తిన్నారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు దెస్పీనా ఏప్రను విప్పకుండానే నగరసభకు నడిచి వెళ్లింది. గొడుగు లేదు. జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి.

"వాన పడిందని నీకెవరు చెప్పారు దెస్పీనా?" అని అడిగారు నెవ్ గారు.

"నా నెత్తి చెప్పింది."

"నెత్తి అధికారిక పరికరం కాదు కదా."

అధికారిక పరికరం ఏమిటంటే, పాత నౌకాశ్రయ కార్యాలయం పెరట్లో నూరేళ్లుగా నిలబడి ఉన్న, వాన కొలిచే ఇత్తడి గొట్టం. రోజూ పొద్దున తొమ్మిదింటికి దాంట్లో ఎంత నీరు ఉందో చూసి పైకి ఫోను చెయ్యడం కూడా నా పనే. మా ఊళ్లో వాన పడిందా లేదా అన్నది రాష్ట్రానికి ఆ గొట్టం చెప్పిందే వేదం. నెవ్ గారు ఆ రోజు స్వయంగా వచ్చి దాన్ని చూశారు. చూసి కదిలిపోయారు. నూరేళ్ల చారిత్రక సంపద ఇలా వానలో తడుస్తోందా, మనకు బాధ్యత లేదా అని నన్నే అడిగారు. నాకు సిగ్గేసింది.

వారంలోపు గొట్టం మీద అందమైన రేకుల పందిరి వేశారు. రిబ్బను కత్తిరించారు. నా బస్సుకు అక్కడొక కొత్త స్టాపు పెట్టారు. మర్నాటి నుంచి నేను రోజూ ఉన్నమాటే చెప్పాను, గొట్టంలో చుక్క లేదని.

దెస్పీనా ఆనందం అంతా ఇంతా కాదు. ఐసులో పెట్టిన పెద్దరొయ్యల పెట్టె నెవ్ గారి ఇంటికి పంపింది. టూరిస్టులు చొక్కాలు పిండుకుంటూ బిల్లు కట్టేవారు. ఒక ఇంజినీరు మాత్రం కట్టనని మొండికేశాడు. ఆయన్ని తీసుకెళ్లి గొట్టం చూపించాను. వంగి లోపలికి చూశాడు, వేలు పెట్టి తడిమాడు, తిరిగొచ్చి డబ్బు కట్టాడు. చదువుకున్నవాడి పద్ధతే వేరు.

జనవరిలో రాష్ట్రమంతటికీ ఎక్కువ ఎండ కాసే నగరంగా మాకు బహుమతి వచ్చింది. నెవ్ గారు రెయిన్ కోటులో వెళ్లి అందుకున్నారు. కోటెందుకని విలేకరులు అడిగితే, అక్కడ గాలి ఎక్కువగా ఉందన్నారు.

ఫిబ్రవరిలో చిన్న ఇబ్బంది వచ్చింది. వెనక ఒకసారి కరువొచ్చినప్పుడు నెవ్ గారే ఒక నిబంధన పెట్టించారు. గొట్టంలో రెండు నెలలు చుక్క పడకపోతే నీటి పొదుపు ఆంక్షలు వాటంతటవే అమల్లోకి వస్తాయి. మనిషి చెయ్యి పడితే పక్షపాతం వస్తుందని ఎవరి సంతకమూ అక్కర్లేకుండా చేశారు. అవి అనుకున్న ప్రకారమే వచ్చేశాయి. బీచిలో స్నానాల కుళాయిలకు తాళాలు పడ్డాయి. కస్టమ్స్ హౌస్ ముందు ఫౌంటెన్ ఆపేశారు. గిన్నెలు కడిగితే నీళ్లు వృథా అని హోటళ్లలో కాగితం పళ్లేలు పెట్టించారు. ఆ వారమంతా వాన కుండపోతగా కురుస్తూనే ఉంది.

మా వీధిలోకి నీటి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. నిక్కచ్చి మనిషి. మా పక్కింటాయన పచ్చిక మీద బూటు నొక్కి చూశాడు.

"పచ్చిక తడిగా ఉందే."

"వాన పడుతోందిగా."

"రికార్డులో లేదు."

"నీ నెత్తి మీదే పడుతోందయ్యా."

"నేను డ్యూటీలో ఉన్నాను," అని జరిమానా రాశాడు. కాగితం తడిసి చిరిగిపోతే ఓపిగ్గా ఇంకోటి రాశాడు. ఇలాంటి ఉద్యోగులు ఉండబట్టే నగరం నడుస్తోంది.

మా కరువు సంగతి పేపర్లలో చదివి దేశానికి దక్షిణాన ఉన్న రైతులు కడుపు తరుక్కుపోయి మా గుర్రాలకు లారీల నిండా ఎండుగడ్డి పంపారు. మంచి మనసులు. వాగు పొంగి రోడ్డు మునిగిపోవడంతో ఆ లారీలు అవతలి గట్టునే ఆగిపోయాయి.

మార్చిలో ఆ వాగే రేవు వీధిలోకి వచ్చింది. దెస్పీనా హోటల్లో మోకాటి లోతు నీళ్లు. ఫ్రీజరు తలుపు దగ్గరికి తేలుకుంటూ వచ్చి ఆగింది. చేపలు వేయించే పొయ్యిల్లోకి బురద చేరింది. నీళ్లు తోడాలంటే పెద్ద పంపులు కావాలి. పంపులు ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. వరద అని మేయరు ప్రకటిస్తే వస్తాయి. వాన పడితేగానీ వరద అనడానికి వీల్లేదు.

నెవ్ గారు ప్యాంటు పైకి మడిచి నీళ్లలో నడుచుకుంటూ వచ్చారు. ఎవరు పిలిచినా వస్తారు, అది మాత్రం ఒప్పుకోవాలి.

"నెవ్, వాన పడిందని ఒక్క మాట చెప్పు. పంపులు వస్తాయి," అంది దెస్పీనా. "ఈస్టరు లోపల తెరవకపోతే ఇక నేను తెరవలేను. మా తాత పెట్టిన పొయ్యి నా చేతుల మీదుగా ఆరిపోతుంది."

"వాన పడిందంటే బహుమతి వెనక్కి ఇవ్వాలి. ఊరి పరువు పోదూ?"

"ఆ రేకులు పీకించు మరి. గొట్టమే చెప్తుంది."

"అది చారిత్రక కట్టడం."

"మొన్న డిసెంబరులో కట్టావుగా."

"అందుకే. ఇంకా రంగైనా పోలేదు, ముట్టుకోనివ్వరు."

"నేను పంపిన రొయ్యలు తిన్న నోటితోనే చెప్తున్నావా ఇది?" అంది. ఆ మాటకు నాకే మనసు చివుక్కుమంది. పందిరి వేసిననాడు మాలో ఎక్కువ మురిసింది తనేనని తనకూ గుర్తే ఉంది. అందుకే ఆమె గొంతు అంత చిన్నదైపోయిందని నాకనిపించింది.

నెవ్ గారు ఓటర్లను నట్టేట వదిలే మనిషి కాదు. గొట్టం ఒప్పుకునే సాయం కరువు సాయం ఒక్కటే. ఆ పూటే ఫోన్లు చేసి, కరువు వల్ల నగరంలో అందరికంటే దెబ్బతిన్న వ్యాపారం దెస్పీనాదేనని ఖాయం చేయించారు. నాలుగో రోజున జలవనరుల మంత్రి శ్రీమతి గ్లెనిస్ ఫార్లో గారు కొండ దారిన, పెద్ద నీళ్ల ట్యాంకరు వెంటబెట్టుకుని విచ్చేశారు.

సభకు నా బస్సే వేదిక. పైఅంతస్తులో మంత్రిగారు, నెవ్ గారు గొడుగుల కింద నిలబడ్డారు. ఎండ దెబ్బ తగలకుండా గొడుగులు పట్టామని నెవ్ గారు మైకులో వివరించారు. కింద దెస్పీనా మోకాటి లోతు నీళ్లలో నిలబడి ఉంది. బ్యాండు మోగింది. ట్యాంకరు డ్రైవరు పైపు లాగి హోటలు మీదున్న తొట్టిలో పెట్టి పంపు వేశాడు. తొట్టి ముందే నిండి ఉంది. శుభ్రమైన తాగునీరు గోడ మీదుగా జారి హోటల్లోకి వెళ్లింది.

దెస్పీనా డ్రైవరు దగ్గరికి వెళ్లింది. పంపు నీ దగ్గర ఉంది కదా, తిప్పి వేసి లోపలి నీళ్లు తోడిపెట్టు, పుణ్యముంటుంది అని బతిమాలింది. అతను నిజంగానే నొచ్చుకున్నాడు. పొయ్యమనే ఉత్తర్వు ఉందిగానీ తోడమనే ఉత్తర్వు లేదని చెప్పాడు.

దెస్పీనాకు ఏడుపు ఆగలేదు. అది చూసి మంత్రిగారి కళ్లూ చెమర్చాయి. కృతజ్ఞత తెలిసిన మనుషులు ఈ రోజుల్లో ఎక్కడున్నారని నెవ్ గారితో అన్నారు. తర్వాత స్వయంగా కిందికి దిగి, బూట్లలోకి నీళ్లు వెళ్తున్నా లెక్కచెయ్యకుండా వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంకేం కావాలో మొహమాటం లేకుండా అడగమ్మా."

"ఇంకో ట్యాంకరు పంపండి మంత్రిగారూ," అంది దెస్పీనా కళ్లు తుడుచుకుని. "కాకపోతే ఖాళీది పంపండి."

బ్యాండు ఆగిపోయింది. నెవ్ గారు గొడుగు సర్దుకున్నారు. మంత్రిగారు మాత్రం తడుముకోలేదు.

"ఖాళీ ట్యాంకర్లు పంపే ప్రభుత్వం కాదమ్మా మాది," అన్నారు. "ఒకటేమిటి, రెండు పంపిస్తాను."

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మంత్రిగారు మాట తప్పే మనిషి కాదు. మర్నాడు పొద్దున్నే రెండు ట్యాంకర్లు వచ్చి దెస్పీనా గుమ్మం ముందు ఆగాయి. రెండూ మూతల దాకా నిండి ఉన్నాయి.