కవలల ముడతలు

ఆ ఆదివారం చాన్‌గిల్ పెట్టుకున్న పని ఒక్కటే. సోయా మొలకల చారులో అన్నం కలుపుకుని తినేసి, బస్సెక్కి కురియోంగ్‌పో రేవుకు వెళ్ళి, గోడ చాటున అన్నయ్య చాన్‌బోక్ పక్కన నిలబడి ఒక సిగరెట్టు కాల్చి, భోజనాల వేళకు ఫోహాంగ్‌లో ఇల్లు చేరడం. భార్య హ్యాంగ్‌సున్ లెక్క ప్రకారం అతను సిగరెట్లు మానేసి చాలా ఏళ్ళయింది. ఆమే దగ్గరుండి మాన్పించి చేతిలో వేప్, అదే ఎలక్ట్రానిక్ సిగరెట్టు, పెట్టింది. ఇంట్లో అతను బుద్ధిగా పుచ్చకాయ వాసన వేసే ఆవిరి వదిలేవాడు, బయట పొగ వదిలేవాడు. ఈ ఏర్పాటు వల్ల ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

అతను చారన్నం తింటుంటే హ్యాంగ్‌సున్ వంటింట్లోంచి కేక వేసింది.

“ఏవండీ, ఇవాళ మీరు వెళ్ళక్కర్లేదు. బావగారినే ఇక్కడికి రమ్మన్నాను.”

“అన్నయ్యనా? ఎందుకూ?”

“ఫొటోకి.”

ఇంటి కిందే హ్యాంగ్‌సున్ చర్మసంరక్షణ దుకాణం. రెండు మంచాలు, ముఖానికి ఆవిరి పట్టే యంత్రం, గోడ నిండా సీసాలు. చలికాలంలో ఎదురుగా అద్దాల మేడలో ఒక పెద్ద క్లినిక్ తెరిచారు. అప్పటినుంచీ ఆమె పాత ఖాతాదార్లు తల వంచుకుని రోడ్డు దాటి అటువైపు వెళ్తున్నారు. మడతపెట్టిన తువ్వాళ్ళనే విప్పి మళ్ళీ మడతపెడుతూ ఆమె రోజులు నెట్టుకొస్తోంది. రాత్రి మిగిలిపోయిన మాస్కులన్నీ మొగుడి ముఖానికి అంటించి, “పారేస్తే పాపం కదండీ,” అనేది.

“చూడండి,” అంది ఆమె, అతని గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పుతూ. “మీరూ బావగారూ కవలలు. ఒకే పోలిక, ఒకే రక్తం. మీ ముఖం తోమిన గిన్నెలా ఉంది. ఆయన ముఖం ఎండబెట్టిన స్క్విడ్ చేపలా ఉంది. తేడా ఎక్కడొచ్చింది? ఆయనది సిగరెట్టు, మీది వేప్. ఇద్దరి ఫొటోలూ పక్కపక్కన కిటికీలో పెడతాను. ఎదుటి క్లినిక్ వాళ్ళ దగ్గర ఇలాంటి సాక్ష్యం ఉందా?”

నిజం చెప్పేద్దామని చాన్‌గిల్ నోరు తెరిచాడు కూడా. కానీ ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. చలికాలం మొదలైనప్పటినుంచీ ఆ మెరుపు అతను చూడలేదు. తెరిచిన నోట్లో ఇంకో చెంచా చారు పోసుకున్నాడు.

చాన్‌బోక్ ఎండు స్క్విడ్ కట్ట చంకలో పెట్టుకుని వచ్చాడు. జీవితమంతా పడవ మీదే గడిపిన మనిషి. నవ్వితే కళ్ళు ముడతల్లో మునిగి మాయమవుతాయి. విషయం విని పకపకా నవ్వి, కెమెరా ముందు కూర్చున్నాడు. మరదలు పైకి వెళ్ళగానే తమ్ముడి డొక్కలో పొడిచాడు.

“ఏరా, నువ్వింకా కాలుస్తున్నట్టు చెప్పలేదా?”

“చెబితే ఆ ఆవిరి యంత్రంలో పెట్టి ఉడికించేస్తుంది.”

“మరైతే నేను...” అంటూ చాన్‌బోక్ ఏదో చెప్పబోయి, పైనుంచి అడుగుల చప్పుడు విని ఆపేశాడు. “సరేలే. నా ముఖం కూడా ఒకరికి పనికొస్తుందని ఎవరనుకున్నారు?”

బొమ్మ కిటికీలోకి ఎక్కింది. ఎడమ పక్క చాన్‌బోక్, కుడి పక్క చాన్‌గిల్. కింద పెద్ద అక్షరాలు: ‘ఇటు పొగ, అటు ఆవిరి. తేడా మీరే చూడండి.’

మొదట చూసింది పక్క లాండ్రీ యోంగ్‌నే. ఆమె ఫొటోలు చూసింది గానీ అక్షరాలు చదవలేదు. సాయంత్రానికి, హ్యాంగ్‌సున్ చేతి మహిమ వల్ల ఒక ముసలి జాలరి కుర్రాడైపోయాడని వీధంతా చెప్పేసింది. మర్నాడు ఆడవాళ్ళు గుంపుగా వచ్చిపడ్డారు.

“అయ్యో అక్కా, వాళ్ళు ఇద్దరు మనుషులు! నేను చెప్పేది వేప్ గురించి,” అని హ్యాంగ్‌సున్ మొత్తుకుంది.

“ఓహో, ఆవిరితోనే ముడతలు పోతాయన్నమాట!” అంది యోంగ్‌నే.

“పోతాయని కాదక్కా, తక్కువొస్తాయని...”

తక్కువ అన్న మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. చాన్‌గిల్‌కు డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద, నేలమాళిగ పార్కింగులో ఉద్యోగం. డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఆడవాళ్ళు వరసగా నిలబడి అతని బుగ్గలు నొక్కి చూసేవారు. ఒకావిడ భూతద్దం తెచ్చుకుంది. ఇంకొకావిడ వేలితో గీకి, పౌడరు రాశాడేమోనని వేలు చూసుకుంది. మంచాలు రెండూ నిండాయి. తువ్వాళ్ళు చాలక మేడమీద నుంచి దుప్పట్లు దింపారు. ఎదుటి క్లినిక్ అమ్మాయిలు గుమ్మంలో నిలబడి ఇటే చూస్తున్నారు. హ్యాంగ్‌సున్ పాటలు పాడుతూ గిన్నెలు కడుగుతోంది. చాన్‌గిల్ ఆ పాటలు వింటూ, తన సిగరెట్టు పెట్టెను వర్షాకాలపు బూటులోకి ఇంకాస్త లోతుగా తోశాడు.

వారం తిరక్కుండా ఊరి కేబుల్ చానెల్ వాళ్ళు ఫోన్ చేశారు. వాళ్ళే ఒక చర్మవైద్యురాలిని కూడా తీసుకొస్తామన్నారు. ఆ శనివారం దుకాణంలో కాలు పెట్టడానికి చోటు లేదు. కొత్త చొక్కాలు వేసుకుని అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే కుర్చీల్లో కూర్చున్నారు. లైటు వేడికి చాన్‌గిల్ నున్నటి ముఖం మీద చెమట కారుతోంది.

డాక్టర్ ప్యోగారు నెమ్మదస్తురాలు. కెమెరా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

“సిగరెట్టు చర్మాన్ని త్వరగా ముసలిదాన్ని చేస్తుందని మాకు బాగా తెలుసు. సన్నటి రక్తనాళాలు బిగుసుకుంటాయి, చర్మంలోని సాగే గుణం పోతుంది, పెదవుల చుట్టూ గీతలు పడతాయి. వేప్‌లో ఆ పొగ లేదు, నిజమే. కానీ నికోటిన్ ఉంటే నాళాలు బిగుసుకోవడం అక్కడా ఉంటుంది. పెదవులు సున్నాలా చుట్టడం ఎలాగూ తప్పదు. ఏళ్ళ తరబడి వాడితే ముఖం ఏమవుతుందో తేల్చి చెప్పడానికి అది వచ్చి ఇంకా ఎంతో కాలం కాలేదు. మేలని చెప్పలేం. తెలియదని చెప్పగలం.”

‘తెలియదు’ అనేది టీవీకి పనికొచ్చే మాట కాదు. కెమెరా కుర్రాడు ఆవలించాడు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర పెద్ద దగ్గు వినిపించింది.

యోంగ్‌నే మొగుడు. ఇస్త్రీ బల్ల దగ్గర తప్ప ఎక్కడా గొంతెత్తని సాధుజీవి. చేతిలో కొత్త వేప్, కళ్ళనిండా నీళ్ళు. దగ్గి దగ్గి ముఖం బీట్‌రూట్‌లా అయ్యింది.

“మా ఆయనకి అసలు ఏ అలవాటూ లేదు,” అంది యోంగ్‌నే గర్వంగా, మైకు వైపు వంగి. “ఈ బొమ్మ చూశాకే కొనిచ్చాను. ముఖం నున్నబడుతుందని పొద్దున్నా సాయంత్రం దగ్గరుండి పీల్పిస్తున్నాను. పీల్చండి, చూపించండి!”

అతను లొంగిపోయి గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. పీల్చాడు. గుమ్మం పట్టుకుని వంగిపోయాడు. డాక్టర్ వెంటనే లేచి గొట్టం లాగేసింది.

చాన్‌గిల్ చూస్తూ కూర్చోలేకపోయాడు. ఆ మనిషి ఏళ్ళ తరబడి తన చొక్కాలు ఉతికి, జేబుల్లో దొరికిన సిగరెట్టు పీకల సంగతి ఎవరితోనూ అనలేదు. అలాంటివాడు ఇప్పుడు తన ముఖం చూసి దగ్గుతున్నాడు.

“ఆపండి!” అన్నాడు చాన్‌గిల్ లేచి. “ఆ బొమ్మ అబద్ధం. నేను సిగరెట్టు మానలేదు. ఒక్కరోజు కూడా మానలేదు. ఇంట్లో అదీ, బయట ఇదీ... రెండూ కాలుస్తున్నాను.”

హ్యాంగ్‌సున్ చేతిలోని తువ్వాలు కింద పడింది.

“అయితే అన్నదమ్ములిద్దరూ సిగరెట్లే కాలుస్తారన్నమాట,” అన్నాడు కెమెరా కుర్రాడు. అతనికి ఇప్పుడు నిద్ర పూర్తిగా వదిలింది.

చాన్‌బోక్ మెడ గోక్కున్నాడు. “నేను ఎప్పుడో మానేశాను బాబూ. మనవరాలు పుట్టినప్పుడు.”

ఈసారి నోరు తెరిచినవాడు చాన్‌గిల్. “అన్నయ్యా, మరి ప్రతి ఆదివారం గోడ చాటున...”

“నోట్లో పెట్టుకుని నిలబడతాను. వెలిగించానో లేదో నువ్వెప్పుడు చూశావురా? నీ కళ్ళెప్పుడూ సముద్రం మీదే. ఇంట్లో నువ్వు నోరు విప్పవు, ఫోన్లో విప్పవు. ఆ గోడ చాటునే నాలుగు మాటలు ఆడతావు. మానేశానంటే నువ్వు రావడం కూడా మానేస్తావని ఊరుకున్నాను.”

డాక్టర్ ప్యోగారు భూతద్దం పెట్టి చాన్‌బోక్ బుగ్గలూ మెడా చూసింది. “ఇదంతా ఎండా, ఉప్పుగాలీ. టోపీ పెట్టుకోరా?”

“గాలికి ఎగిరిపోతుందమ్మా.”

“మరి మీరేం పని చేస్తారు?” అని చాన్‌గిల్‌ని అడిగింది.

“నేలమాళిగలో. కార్లు చూసుకుంటాను. రాత్రి మిగిలిన మాస్కులన్నీ నా ముఖానికే.”

“ఎండ తగలదు. రాత్రిపూట మాస్కులు.” ఆమె తల పంకించింది. “పైకి నున్నగా ఉన్నారు. ఊపిరితిత్తుల ఫొటో కూడా తీసి ఆ కిటికీలో పెడితే బావుండేది.”

హ్యాంగ్‌సున్ ఎవరివైపూ చూడకుండా కిటికీ దగ్గరకు నడిచి, బొమ్మను నిలువునా చింపేసింది. గుంపు మెల్లగా పలచబడింది. హ్యాంగ్‌సున్ యోంగ్‌నే మొగుడికి గ్లాసుడు బార్లీ నీళ్ళు ఇచ్చి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని, తల వంచి క్షమాపణ చెప్పింది. అతను దగ్గు మధ్యలోనే తిరిగి తల వంచాడు. అసలు తప్పు తన భార్యదని అతనికి తెలుసు, కానీ ఆ మాట అనేంత ఊపిరి లేదు.

అందరూ వెళ్ళి అన్నదమ్ములిద్దరే మిగిలాక హ్యాంగ్‌సున్ ఖాళీ మంచం మీద కూర్చుంది. తిట్టలేదు. అది చాన్‌గిల్‌ను ఎక్కువ భయపెట్టింది.

“నా దుకాణం కోసం అబద్ధం మోశారా, మీ సిగరెట్టు కోసమా?” అంది చివరికి.

“మొదట సిగరెట్టు కోసమే,” అన్నాడతను నేల చూస్తూ. “తర్వాత నువ్వు పాటలు పాడుతున్నావని.”

ఆమె ముక్కు చీది, “సోమవారం ఆరోగ్య కేంద్రానికి పదండి. పొగా వద్దు, ఆవిరీ వద్దు. బావగారూ, మీరు తోడు వెళ్ళండి, లేకపోతే ఈయన మధ్యలో గోడ చూసుకుని ఆగిపోతారు,” అంది.

కేబుల్ వాళ్ళు మాత్రం ఆ గొడవంతా ఒక్క ముక్క కత్తిరించకుండా ప్రసారం చేశారు. అబద్ధం ఆడిన మొగుడి ముందే బొమ్మ చింపేసిన మనిషి నమ్మదగినదని ఊళ్ళో ఆడవాళ్ళు తేల్చారో ఏమో, రోడ్డు దాటి వెళ్ళినవాళ్ళలో సగం మంది తల వంచుకునే ఇటువైపు తిరిగి వచ్చారు.

సోమవారం ఆరోగ్య కేంద్రంలో పొగ మాన్పించే విభాగం నర్సు, అన్నదమ్ములిద్దర్నీ ఎగాదిగా చూసి, చాన్‌గిల్‌ని బయట కూర్చోమని, నికోటిన్ పట్టీల పెట్టె చాన్‌బోక్ చేతిలో పెట్టింది.