కోళ్ళకి యూనిఫాం

ఆ రోజు టైలరమ్మ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే కోళ్ళకి దాణా వెయ్యాలి, మిషను ముందు కూర్చోవాలి, స్కూలు బ్యాండు పిల్లల ఎర్ర కోట్లకి మిగిలిన ఇత్తడి గుండీలు కుట్టాలి, సాయంత్రం హెడ్‌మేడం వచ్చేసరికి అన్నీ ఇస్త్రీ చేసి మడతపెట్టాలి. అంతే. మధ్యలో వీలైతే ఓ కునుకు కూడా తియ్యొచ్చు అనుకుంది.

దాణా గిన్నె పట్టుకుని పెరట్లోకి అడుగుపెట్టగానే ఆ కునుకు కాస్తా ఎగిరిపోయింది. పాపమ్మ మూలన గోడకి మొహం పెట్టి నిలబడి ఉంది. పాపమ్మంటే గోధుమరంగు పెట్ట. వీపు మీద ఈకలూడిపోయి చర్మం బయటపడ్డాక చూసినవాళ్ళంతా 'పాపం, పాపం' అంటూంటే చివరికి అదే పేరైపోయింది. ఇవాళ ఆ బోసి వీపు మీద రక్తపు చుక్క కూడా ఉంది. ఈ ఘనకార్యం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. గిన్నె కింద పెట్టీ పెట్టకముందే పెద్దావిడ అనే నల్ల పెట్ట నిగనిగలాడుతూ వచ్చి దాని ముందు నిలబడింది. ఆ గూటికి అది మహారాణి. అది తిన్నాకే మిగతావి తినాలి, అవన్నీ తిన్నాకే పాపమ్మ తినాలి. ఈలోగా పాపమ్మ ఒక్క అడుగు ముందుకేస్తే పెద్దావిడ ఓ పోటు పొడుస్తుంది, అది చూసి పక్కది ఇంకో పోటు, తను ఊరుకుంటే బాగుండదని ఆ పక్కది మరో పోటు.

"ఏవండీ, ఒక్కసారి ఇలా వచ్చి చూడండి!"

భర్త లిఫ్టు మెకానిక్కు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ తలైనా ఎత్తలేదు. "నిన్నే చూశాన్లే. గుడ్డు కూడా మానేసింది. చికెన్ షాపతనికి చెప్పాను, సాయంత్రం వచ్చి పట్టుకెళ్తాడు."

"ఎవర్ని? పెద్దావిడనేనా?"

"పెద్దావిడనెందుకు? అది రోజూ గుడ్డు పెడుతోందిగా. ఆ ఈకలూడినదాన్ని."

టైలరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "బాగుందండీ మీ న్యాయం! పొడిచినదానికి దాణా, పొడిపించుకున్నదానికి కత్తీనా? పంపిస్తే పొడిచేదాన్నే పంపండి! ఈ పెరట్లో ఎవరు పొడిస్తే వాళ్ళే పోవాలి. అంతే, ఇంకో మాట లేదు!"

"సరే తల్లీ. సాయంత్రానికి అవి దాన్ని పొడవకుండా చెయ్యి, ఉంచేసుకుందాం. చెయ్యలేకపోతే మాత్రం నన్నేం అనకు" అని ఆయన పని మీద వెళ్ళిపోయాడు.

వెనక గుమ్మంలో అత్తగారు వెల్లుల్లి వలుస్తూ ఇదంతా వింటోంది. "అమ్మాయ్, వీపు కనబడుతోంది కాబట్టే పొడుస్తున్నాయి. కప్పేస్తే వాటికి మాత్రం ఏం గుర్తుంటుంది?"

టైలరమ్మ అత్తగారిని కౌగిలించుకున్నంత పనిచేసింది. ఇన్నేళ్ళు మిషను తొక్కుతూ ఈ ముక్క తనకెందుకు తట్టలేదు! బ్యాండు కోట్లు కత్తిరించగా మిగిలిన ఎర్ర పీలికలు ఏరి, రెక్కలకి సందులు పెట్టి, చంకల్లో ఒరుసుకోకుండా లోపల లైనింగు వేసి, పాపమ్మకి చక్కటి కోటు కుట్టింది. గుండీ లేని కోటు ఆవిడ చేతిలోంచి బయటికి పోదు కనక వీపు మీద సరిగ్గా నడిమధ్యన ఒక ఇత్తడి గుండీ కూడా పెట్టింది.

దూరం నుంచి ఆ గుండీ ఎండలో తళుక్కుమంది. అంతవరకూ పాపమ్మని పట్టించుకోని కోళ్ళు కూడా పని మానుకుని పరిగెత్తుకొచ్చాయి. అసలే ఎరుపు, పైగా మెరుపు! ఒకటి గుండీ పొడిచింది, ఇంకోటి దారం లాగింది, పెద్దావిడ ఏకంగా కాలరు పట్టుకుంది. పాపమ్మ ముందు, ఊరేగింపంతా వెనక, పెరడు చుట్టూ ఒకటే పరుగు.

"చూశారా అత్తయ్యా! ఒంటి మీద ఇంత గుడ్డ పడితే ఓర్వలేకపోతున్నాయి!"

"దానొక్కదానికే కుట్టావు మరి. ఎవరికైనా కడుపు మండదూ?"

ఆ మాటతో టైలరమ్మకి రెండో ఆలోచన వచ్చింది. మొదటిదానికన్నా గొప్పది. "అత్తయ్యా, స్కూళ్ళలో యూనిఫాం ఎందుకు పెట్టారు? నువ్వెక్కువ నేను తక్కువ అనే గోల ఉండకూడదనే కదా! అందరికీ ఒకటే బట్ట, ఒకటే కుట్టు. అప్పుడు చూద్దాం దీని పెత్తనం ఎలా సాగుతుందో!"

రెండు కోట్లయ్యేసరికి పీలికలు అయిపోయాయి. టైలరమ్మ చూపు పెద్ద డ్రమ్ము వాయించే పిల్లాడి కోటు మీద పడింది. అన్నిట్లోకీ పెద్దది అదే. అయినా అంత డ్రమ్ము వెనక కోటు ఎవరికి కనిపిస్తుంది? అన్యాయం జరుగుతుంటే కోటు గురించి ఆలోచించేవాళ్ళు మనుషులా? కత్తెర కరకరా నడిచింది.

కోళ్ళని పట్టడం అత్తగారి వంతు. కొంగు బిగించి, తట్ట బోర్లిస్తూ, తిడుతూ, జారిపడుతూ, "నా పెళ్ళికి కూడా ఎవరూ ఇంత పట్టుబట్టి బట్టలు కట్టలేదే నాకు!" అంటూ ఒక్కోదాన్నీ తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. చివరికి అన్నీ ఎర్ర కోట్లలో, మెడ దాకా కాలర్లతో, పెరట్లో వరసగా నిలబడ్డాయి. ఈసారి గుండీలు పెట్టలేదు. టైలరమ్మకి కళ్ళు చెమర్చాయి.

కోళ్ళు మాత్రం ఒకదాన్నొకటి ఎగాదిగా చూసుకున్నాయి. వాటికి అర్థమైంది ఒక్కటే: తమ పెరట్లోకి ముక్కూమొహం తెలియని కొత్త కోళ్ళు జొరబడ్డాయి! ఎవరెక్కువో ఎవరు తక్కువో మళ్ళీ మొదటినుంచీ తేల్చుకోవాలి. తేల్చుకోవడం మొదలుపెట్టాయి.

గిన్నె బోర్లాపడింది. కంచె తలుపు ఊడింది. ఎర్ర కోట్లు వసారాలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి ముందుగదిలోకి, అక్కడ ఇస్త్రీ చేసి పేర్చిన అసలు కోట్ల మీదికీ ఎగిరాయి. ఒకటి కిటికీలోంచి వీధిలోకి దూకింది. టైలరమ్మ చీపురుతో, అత్తగారు తట్టతో వెంటపడుతుండగా వీధి తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

హెడ్‌మేడం. చెప్పిన వేళకంటే ముందే వచ్చేసింది.

"ఏమ్మా, మా బ్యాండు కోటు వేసుకుని ఒక కోడి రోడ్డు దాటుతోంది. మీదేనా?"

టైలరమ్మ తడబడుతూ జరిగిందంతా చెప్పుకొచ్చింది. "అన్యాయం చూస్తూ ఊరుకోలేకపోయాను మేడం. యూనిఫాం వేస్తే కొట్టుకోవడం మానేస్తాయనుకున్నాను."

హెడ్‌మేడం ఆవిడ వైపు చాలా జాలిగా చూసింది. "యూనిఫాం వేసుకుంటే కొట్టుకోరని నీకెవరు చెప్పారు తల్లీ? ఒక్కరోజు ఇంటర్వెల్‌లో మా స్కూలుకి రా." అంతలో ఇస్త్రీ బల్ల మీద ఒంటరిగా మిగిలిన కోటు చెయ్యి కంటబడింది. జాలి ఆవిరైపోయింది. "ఇది పెద్ద డ్రమ్ము పిల్లాడిది కదూ? రేపు పొద్దున్నే పరేడు! ఆ కోటు లేకుండా నేనిక్కణ్ణుంచి కదల్ను!" అని స్టూలు లాక్కుని కూర్చుంది.

ఇంతలో భర్త వచ్చాడు, వెనకే స్కూటరు మీద బోను కట్టుకుని చికెన్ షాపతను. ఇల్లంతా ఈకలు, పెరడంతా ఎర్ర కోట్లు. వీధిలోకి దూకినది కూడా చికెన్ షాపు బండిని చూసిందో ఏమో, తనంతట తనే లోపలికొచ్చేసింది.

"ఇందులో మనం ఇచ్చేదేది?" అన్నాడు భర్త తల గోక్కుంటూ.

"గోడకి మొహం పెట్టి వణుకుతోంది, అదే అయ్యుంటుంది సార్" అంటూ షాపతను ఆ మూలనున్నదాన్ని పట్టి, కోటు విప్పాడు.

లోపల నల్లటి ఈకలు నిగనిగలాడాయి. పెద్దావిడ! అతని చేతులు వదులవగానే అది మళ్ళీ మూలకి పరిగెత్తింది.

అందరూ గిన్నె వైపు తిరిగారు. దాని ముందు నిటారుగా నిలబడి, దగ్గరికొచ్చినదాన్నల్లా వచ్చినట్టే పొడిచి పంపిస్తోంది పాపమ్మ. వీపు మీద ఇత్తడి గుండీ ఇంకా మెరుస్తూనే ఉంది. అన్నిటికీ ఒకే కోటు పడి బోసి వీపు దాగిపోయేసరికి అదెవరో ఎవరికీ తెలియలేదు, ఇన్నాళ్ళ కడుపుమంట మాత్రం దానికి బాగానే గుర్తుంది.

భర్త నవ్వాడు. "పొడిచేవాళ్ళే పోవాలన్నావు. ఇంకో మాట లేదన్నావు. ఇప్పుడేమంటావు?"

"ఏమంటాను? ఇన్నాళ్ళూ తిన్నదానికి నాలుగు తిరిగిస్తే తప్పొచ్చిందా? అప్పుడేమో దెబ్బలు తింటే పంపిస్తానన్నారు, ఇప్పుడు దెబ్బలు కొడితే పంపిస్తారా? ఎలా బతకమంటారండీ దాన్ని?"

ఆయన పాపమ్మ మీద చెయ్యి వేశాడు. మరుక్షణం వేలు నోట్లో పెట్టుకుని గెంతాడు. షాపతను రెండడుగులు వెనక్కేశాడు. "ఇది నాకొద్దు సార్. బోనులో వేస్తే షాపుకెళ్ళేలోగా మిగతావాటిని ఇదే పీకి పెడుతుంది. పోనీ, ఆ మూలనున్న నల్లదాన్ని ఇచ్చెయ్యండి."

పెద్దావిడ గోడలోకి దూరిపోయేలా ఒదిగింది. అచ్చం పొద్దున పాపమ్మ నిలబడ్డట్టే. పొద్దుటినుంచీ టైలరమ్మ కోరుకున్నది సరిగ్గా ఇదే. తీరా షాపతను చెయ్యి చాపేసరికి చీపురు దానంతటదే పైకి లేచింది.

"దెబ్బలు తిని పడున్నదాన్నా పట్టుకెళ్తావు? సిగ్గులేదూ? నడు బయటికి!"

షాపతను ఖాళీ బోనుతో, భర్త కట్టు కట్టిన వేలితో, చెరో దిక్కుకి పోయారు. టైలరమ్మ మిషను ముందు కూలబడి డ్రమ్ము పిల్లాడి కోటుకి కొత్త గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టింది. హెడ్‌మేడం స్టూలు మీంచి చూపు తిప్పకుండా కాపలా కాస్తోంది.

"అమ్మాయ్!" పెరట్లోంచి అత్తగారు కేకేసింది. "పాపమ్మ పెద్దావిడని గిన్నె దగ్గరికి రానివ్వడం లేదే! వీపు మీద రెండు ఈకలు కూడా పీకేసింది!"

టైలరమ్మ లేచింది. ఆ పూటకి చేసిన న్యాయం చాలనుకుని, కిటికీ వేసేసి వచ్చి కూర్చుంది.