ముల్లు కదలని ప్రాక్టికల్స్

ఆ ఉదయం టేపు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఫిజిక్స్ ప్రాక్టికల్స్ మొదలుపెట్టించాలి. పన్నెండుకు ముగించాలి. ఆ వెంటనే ప్రిన్సిపాల్ గదికి వెళ్లి తన ఫైలు మీద సంతకం పెట్టించుకోవాలి. ఇంటికి వస్తూ వస్తూ పంచదార తేవాలి. పదకొండేళ్లుగా ఆయన ఆ కాలేజీలో తాత్కాలిక ల్యాబ్ అసిస్టెంటు. చేరినప్పుడు నల్లగా ఉన్న మీసం శాశ్వతంగా తెల్లబడింది గానీ, ఉద్యోగం మాత్రం పర్మనెంటు కాలేదు. "బయటినుంచి వచ్చే ఎగ్జామినరు మన ల్యాబు గురించి ఒక్క మంచి ముక్క రాస్తే చాలు, ఆ రోజే సంతకం పెట్టేస్తాను" అని ప్రిన్సిపాల్ మాటిచ్చి నెల అయింది.

"పంచదార ఐదొందల గ్రాములు చాలండీ" అంది భార్య, గుమ్మం దాకా వచ్చి.

"అరకిలో అనొచ్చుగా?"

"ఏదంటేనేం, డబ్బా నిండితే సరి. ముందా సంతకం సంగతి చూడండి. ఇదిగో అయిపోతుంది, అదిగో అయిపోతుందని మా అన్నయ్యకి పదకొండేళ్లుగా చెప్పలేక చస్తున్నాను."

మాస్టారు అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు. పరీక్షలో పిల్లలు కనుక్కోవలసినది ఒక రెసిస్టరు ఎన్ని ఓములో. దాని విలువ పైకి కనిపిస్తే ఇక పరీక్షేముంది? అందుకని ఆయన ప్రతిదానికీ నల్ల టేపు చుట్టేవారు. ఆ చుట్టుడు ఎంత గట్టిదంటే, గోళ్లు అరిగినా ఊడదు. అలా టేపు మాస్టారయ్యారు. అసలు జవాబు ఒక చీటీ మీద రాసి, కవరులో పెట్టి, ఎగ్జామినరు చేతికివ్వడం కూడా ఆయన పనే.

ఇన్నేళ్లూ వాడిన తీగచుట్టలు పాతబడ్డాయని ఈసారి కొత్త రెసిస్టర్లు తెప్పించమన్నారు ప్రిన్సిపాల్. వారం కిందట మాస్టారు ఫారం పట్టుకుని స్టోర్సు గుమస్తా దగ్గరికి వెళ్లారు.

"పాతిక కావాలండీ. ఒక్కొక్కటీ పది ఓములు."

"ఓములు కుదరవు మాస్టారూ. ఇక్కడ కిలో ఓములు అని అచ్చేసి ఉంది చూడండి. కొట్టివేతలుంటే పైవాళ్లు మొహాన కొడతారు. కిలోల్లోకి మార్చి రాయండి."

మాస్టారు నిలబడి ఆలోచించారు. ఓము చిన్నది. కిలో ఓము పెద్దది. చిన్నదాన్ని పెద్దది చెయ్యాలంటే పెంచాలి. పెంచాలంటే గుణించాలి. కిలో అంటే వెయ్యి అని ఎవరికి తెలియదు? పదిని వెయ్యితో గుణించి, పదివేలు అని గుండ్రటి అక్షరాలతో రాసిచ్చారు. పంచదార దగ్గర జన్మలో తప్పని మనిషి ఓముల దగ్గర పప్పులో కాలేశారు. గుమస్తా అడిగింది అడిగినట్టు తెప్పించాడు. మాస్టారు వచ్చినవాటిని వచ్చినట్టే టేపులో చుట్టేశారు. చీటీ మీద మాత్రం "పది ఓములు" అని రాసి కవరు అంటించారు.

ఎగ్జామినరు తొమ్మిదింటికల్లా వచ్చేశారు. నీట్‌గా దువ్విన తల, చంకలో తోలు సంచీ. రూలు ప్రకారం ముందు ఆయన ఒక బల్ల దగ్గర స్వయంగా కొలిచి, నమూనా రీడింగు రాసి సంతకం పెట్టాలి. మాస్టారు ఆయనకు టీ తేవడానికి వెళ్లి వచ్చేసరికే ఆ పని అయిపోయింది. కవరు చించి ఉంది. నమూనా కాగితం మీద "10.05 ఓములు" అని ఉంది, కింద సంతకం. ఇంత చురుకైన మనిషిని చూడలేదని మాస్టారు లోలోపల మెచ్చుకున్నారు.

పరీక్ష మొదలైన అయిదు నిమిషాలకు ఒక చెయ్యి లేచింది.

"మాస్టారూ, అమ్మీటరు ముల్లు కదలట్లేదు."

మాస్టారు వేలితో అద్దం మీద రెండు దెబ్బలు వేశారు. అది ఆయనకు తెలిసిన మొదటి వైద్యం. ముల్లు సున్నా మీదే కూర్చుంది. ఇంకో చెయ్యి లేచింది. ఇంకో నాలుగు లేచాయి. ఆయన తీగల కొసలు గరుకు కాగితంతో రుద్దారు, మరలు బిగించారు, కెమిస్ట్రీ వాళ్లను బతిమాలి రెండు అమ్మీటర్లు తెచ్చారు. అవీ సున్నా దగ్గరే మొండికేశాయి.

"ఏమిటండీ ఆలస్యం?" అన్నారు ఎగ్జామినరు పేపరు మడుస్తూ.

"ఏం లేదు సార్, బ్యాటరీలు నీరసంగా ఉన్నట్టున్నాయి. ఒక్క క్షణం."

ఆ క్షణంలో ఆయన చేసిన పని ఏమిటంటే, కిందికి పరిగెత్తి, కాలేజీ గంటకు పెట్టిన పెద్ద బ్యాటరీని ఊడబీకి, గుండెకు హత్తుకుని పైకి మోసుకొచ్చారు. ఒక్కో బల్లకూ తగిలించి చూశారు. వోల్టుమీటరు ముల్లు ఎగిరి గంతేసింది. అమ్మీటరు ముల్లుకు చీమ కుట్టినట్టయినా లేదు. మాస్టారి కళ్లముందు ఫైలు, ఫైలు వెనక బావమరిది మొహం కనిపించాయి.

అయితే చిత్రంగా, కాసేపటికి ఫిర్యాదులు ఆగిపోయాయి. ల్యాబంతా పెన్సిళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. మాస్టారు మెల్లగా బల్లల మధ్య నడిచి చూశారు. ఒకడి కాగితంలో 9.98. పక్కవాడిది 10.1. వెనకమ్మాయిది 10.02, గ్రాఫు మీద గీత దారం పట్టి గీసినట్టు ఉంది. కిందటేటి రికార్డులో జవాబు పది. అంతకుముందేడూ పదే. ముల్లు కదలకపోతే ఏం, పిల్లల చేతులు కదులుతున్నాయి. మాస్టారు హమ్మయ్య అనుకుని స్టూలు మీద కూలబడ్డారు.

"భేష్! క్రమశిక్షణ గల ల్యాబు" అని ఎగ్జామినరు కాగితాలు తిరగేస్తూ పోయి, చివరి బల్ల దగ్గర ఆగిపోయారు. అక్కడ కూర్చునే పిల్లను అందరూ ఎందుకమ్మ అంటారు, ఎవరేం చెప్పినా "ఎందుకు?" అని అడుగుతుంది కనుక. ఆ పిల్ల కాగితంలో వరసగా ఎనిమిది సున్నాలున్నాయి.

"ఇదేమిటమ్మా?"

"రీడింగులండీ."

"అందరికీ పది వస్తే నీకు సున్నా ఎందుకొచ్చింది?"

"నేనూ అదే అడుగుతున్నానండీ, వాళ్లకి పది ఎందుకొచ్చింది? వోల్టుమీటరు కదులుతోంది, అమ్మీటరు కదలట్లేదు. అంటే కరెంటు పారడం లేదు. లోపల రెసిస్టెన్సు పదులు కాదు, లక్షల్లో ఉండుంటుంది. అదే రాశాను."

"పరీక్షకొచ్చి వాదనా? ఫెయిలు" అంటూ ఎగ్జామినరు ఎర్ర పెన్ను మూత తీశారు.

పిల్ల ఏడవలేదు. పెదవి బిగించుకుని మాస్టారి వైపు చూసింది, అంతే. ఆ చూపు ఆయన్ను స్టూలు మీద నిలవనివ్వలేదు. మూలకు వెళ్లి, అటు తిరిగి, మిగిలిన రెసిస్టరొకటి తీసి, పదకొండేళ్లలో మొదటిసారి తన టేపును తానే విప్పారు. రెసిస్టరు విలువ దాని ఒంటిమీది రంగు గీతల్లోనే ఉంటుంది; పది ఓములైతే గోధుమరంగు, నలుపు, మళ్లీ నలుపు గీతలుండాలి. ఇక్కడ గోధుమరంగు, నలుపు, నీలం! వేళ్ల మీద లెక్కపెట్టారు. పది పక్కన ఆరు సున్నాలు. కోటి ఓములు. జీవితంలో పది అడిగితే కోటి రావడం ఆయనకు ఇదొక్కసారే జరిగింది, అదీ ఇక్కడ.

నోరు మూసుకుంటే సంతకం వస్తుంది. ఎవరికీ తెలియదు. నోరు మూసుకోవాలనే ఆయన శాయశక్తులా ప్రయత్నించారు. కానీ ఎర్ర పెన్ను కాగితానికి తగలబోతుండగా కాళ్లు వాటంతటవే నడిచాయి.

"సార్, ఆ పిల్ల రాసిందే నిజం. తప్పు నాది. భాగించాల్సింది గుణించి రాశాను. అవి కోటి ఓములు."

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ రొప్పుతూ లోపలికి వచ్చారు. "గంట బ్యాటరీ ఎవడు తీశాడయ్యా? కింద లెక్కల పరీక్ష పదకొండుకి అయిపోవాలి. గంట మోగితేగానీ పేపర్లు తీసుకోనని ఆ ఇన్విజిలేటరు భీష్మించుక్కూచున్నాడు! పిల్లలు అదనపు కాగితాల మీద కాగితాలు అడుగుతున్నారు!" అంటూ ఆయన బల్లమీది బ్యాటరీని చూశారు, మాస్టారిని చూశారు, కోటి ఓముల కథ విన్నారు. "నీ ఫైలు సంగతి ఇక మర్చిపో" అన్నారు.

"ఫైలు తర్వాత. ఈ పంతొమ్మిది మందినీ వరసబెట్టి ఫెయిలు చేస్తాను" అన్నారు ఎగ్జామినరు ఉగ్రంగా. "కొలవకుండా జవాబు రాయడమా? ఎంత మోసం!"

"అవును సార్, మోసమే" అన్నారు మాస్టారు దీనంగా. ఇందులో ఆయనకు ఏ ఎత్తుగడా లేదు, పాపం, వరస తప్పకుండా కాగితాలు సర్దడం అలవాటు. "మరి మీ నమూనా రీడింగు ఈ కట్టలోనే పెట్టమంటారా, విడిగా పెట్టమంటారా? పది పాయింటు సున్నా అయిదు అని ఉందే, అది."

ఎందుకమ్మ నోరు తెరిచింది. అడగబోయే మాట ఏమిటో ఎగ్జామినరుకు ముందే తెలిసిపోయినట్టుంది, చప్పున చెయ్యెత్తి ఆపేశారు.

"చూడండి ప్రిన్సిపాల్ గారూ" అన్నారాయన గొంతు సవరించుకుని, చాలా మెత్తగా. "పరికరాల్లో లోపాన్ని పరీక్ష జరుగుతుండగానే పట్టుకున్న అసిస్టెంటుని నా సర్వీసులో చూడలేదు. ఇలాంటివాళ్లు ఇంకా తాత్కాలికమేమిటండీ? నేను రిపోర్టులో ప్రత్యేకంగా రాస్తాను. ఆ అమ్మాయికి పూర్తి మార్కులు. మిగతావాళ్లకి మధ్యాహ్నం మళ్లీ పెడదాం. ఆ పాత నమూనా కాగితం ఇలా ఇవ్వండి."

మధ్యాహ్నం బీరువాలోంచి పాత తీగచుట్టలు బయటికొచ్చాయి. ముళ్లు బుద్ధిగా కదిలాయి. ఎగ్జామినరు ఈసారి కళ్లజోడు పెట్టుకుని, చెవులు ఎర్రబడేదాకా స్వయంగా కొలిచారు. పిల్లలకు 9.1 వచ్చింది, 11.4 వచ్చింది, ఒకడికి 8.7 వచ్చింది. నిజంగా కొలిచేసరికి పది ఒక్కరికీ రాలేదు.

సాయంత్రం ప్రిన్సిపాల్ ఫైలు తెరిచి, పర్మనెంటు చేసే ఫారం మాస్టారి ముందుకు తోశారు. "రిపోర్టు చూశాను. సరేలే. ఇది నింపితే సంతకం పెడతాను. కొట్టివేతలు ఉండకూడదు." మాస్టారికి కళ్లు చెమర్చాయి. ఫారంలో ఒకే ఒక్క ఖాళీ ఉంది: మొత్తం సర్వీసు, నెలల్లో.

ఆయన పెన్ను మూత తీశారు, మళ్లీ పెట్టేశారు, వరండాలోకి వెళ్లి, ఇంటికి బయలుదేరుతున్న ఎందుకమ్మను పిలిచి మెల్లగా అడిగారు: "గుణించాలా అమ్మా, భాగించాలా?"