సీలు విప్పని జామెట్రీ

అండమాన్‌లో ఇకపై జామెట్రీ పుస్తకాల్లో ఉండదని, టీచర్ల అరచేతిలో ఉంటుందని ‘డిజిటల్ జామెట్రీ మిషన్’ డైరెక్టర్ చంద్రమౌళిగారు మైకులో ప్రకటించారు. చప్పట్లు రెండుసార్లు కొట్టించారు. మొదటిసారివి వీడియోలో పడలేదు. ఆకారాలను ఎలా తిప్పాలో, ఎలా జరపాలో, అద్దంలోలా ఎలా చూపాలో కాబోయే టీచర్లు ట్యాబ్లెట్ల మీద నేర్చుకోవాలి. అందుకోసం ఇరవై పెట్టెలు ఓడ దిగి పోర్ట్ బ్లెయిర్‌లోని ట్రైనింగ్ కాలేజీకి వచ్చాయి.

ఆ కాలేజీలో చదివే ఎలీనా వెంటనే స్టోరుకు వెళ్లింది. ట్యాబ్లెట్‌తో పాఠం చెప్పి పాసయితేనే సర్టిఫికెట్. అది ఉంటేనే ఉద్యోగం. ప్రోతరాపూర్‌లో తల్లి ప్రేమావతి అప్పుడే చర్చిలో ప్రార్థన కూడా చేయించేసింది.

ఎలీనా పెట్టె మీద చెయ్యి వేసిందో లేదో, స్టోర్ కీపర్ కన్నారావు పరుగున వచ్చాడు.

"అరే దీదీ, సీల్ మత్ తోడో! సీలు తీశావంటే స్టాక్ రిజిస్టర్‌లో నీ పేరెక్కుతాది. పగిలినా, పాడైనా నీదే జిమ్మేదారీ."

"తియ్యకుండా పాఠం ఎలా చెప్పాలి భయ్యా?"

"అది లెక్కల డిపార్ట్‌మెంట్. నాది స్టోరు."

కన్నారావును మెచ్చుకోవాల్సిందే. పదకొండేళ్ల సర్వీసులో ఆయన చేతిలో ఒక్క వస్తువూ పాడవలేదు. ఒక్కటీ పెట్టెలోంచి బయటికి రాలేదు మరి.

పరీక్ష రోజున ఎలీనా సీలు తియ్యని పెట్టెనే బల్ల మీద పెట్టింది. పెట్టె మీద రాయకూడదని రూలు లేదు కాబట్టి, నాలుగు మూలలా నీలం స్కెచ్‌పెన్‌తో ఎ, బి, సి, డి అని రాసింది. పెట్టెను పావు వంతు తిప్పి భ్రమణం చెప్పింది. హ్యాండ్‌బ్యాగులోని అద్దం పక్కన పెట్టి పరావర్తనం చూపింది. తర్వాత ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపింది.

"చూడండి, ఆకారం మారలేదు, కొలత మారలేదు. చోటొక్కటే మారింది."

వెనక బెంచీలకు కూడా అర్థమైపోయింది. పరీక్ష చూడ్డానికి వచ్చిన డైరెక్టర్‌గారు పరవశించి, "ఇదీ టెక్నాలజీ పవరంటే!" అని నూటికి నూరు వేశారు.

ఎలీనాకు రంగత్ బడిలో ఉద్యోగం వచ్చింది. ఏడాది గడిచి, ప్రొబేషన్ ముగిసే వారంలో డైరెక్టర్‌గారే ఆ బడికి విచ్చేశారు, రంగత్‌కు కొత్తగా మంజూరైన ఇరవై ట్యాబ్లెట్లను ప్రారంభించడానికి. ఎలీనాను పర్మినెంట్ చేసే ఫైలు ఆయన చంకలోనే ఉంది. పెట్టెలు ఆయన కారు కంటే ముందే కన్నారావుతో బస్సులో వచ్చాయి.

"‘కొత్త సరుకు అందింది’ అని సంతకం పెట్టు దీదీ," అని కన్నారావు కాగితం చాచాడు.

పైపెట్టె మూలన నీలం రంగులో ‘ఎ’ కనిపించింది. పక్క మూలన ‘బి’. ఎలీనా పెన్ను ఆగిపోయింది.

"ఏం టీచరమ్మా, కొత్త ట్యాబ్లెట్లు ఎలా ఉన్నాయి?" డైరెక్టర్‌గారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

ఎలీనా పెట్టె వంక చూసింది, ఫైలు వంక చూసింది.

"ఆకారం మారలేదు సార్. కొలత మారలేదు. చోటొక్కటే మారింది."

"శభాష్! ఏడాదైనా డెఫినిషన్ మర్చిపోలేదు!" అంటూ ఆయన అక్కడికక్కడే ఫైలు మీద సంతకం చేశారు. చప్పట్లు ఈసారి మొదటి దెబ్బకే వీడియోలో పడ్డాయి.

కన్నారావు అప్పటికే పెట్టెలు బస్సెక్కిస్తున్నాడు. మర్నాడు డిగ్లీపూర్‌కు కొత్త ట్యాబ్లెట్లు రావాలి.