ఎర్ర గుడారానికి ఎడమ పక్కన

అయ్యా, అమ్మా! ఎక్కడ కొలిచారో తెలియని కొలతంత సుఖమైనది లోకంలో ఇంకొకటి లేదు. నవ్వకండి. ఉత్తర ధ్రువం వైపు మంచు దేశాల్లో కొలిచిన లెక్కలన్నీ దాచిపెట్టే ఆర్కైవ్‌కి పెద్ద దిక్కుని నేను. నాకు తెలియదా?

అక్కడ శాస్త్రవేత్తలు గడ్డకట్టిన నేలకు బెజ్జం పెట్టి థర్మామీటరు దించుతారు. ఇక్కడ మేం హీటరు పక్కన కూర్చుని ఆ అంకెలు భద్రం చేస్తాం. ఏ అంకె ఏ బెజ్జానిదో చెప్పే లింకు ఒకటి ఉండాలని కొందరు చాదస్తులు ఏళ్ల తరబడి గోల పెడుతున్నారు. ఎందుకండీ? అంకెలు క్షేమం, బెజ్జాలు క్షేమం. మధ్యలో ఈ లింకెందుకు? అయినా కమిటీ వేశాం. కాఫీలు తాగాం. ఇంకేం చేయమంటారు!

అందరికంటే పెద్ద గోల మా మేనకోడలిది, అదీ శాస్త్రవేత్తే. ఈసారి అక్కడికి వెళ్లి పాత బెజ్జంలోనే మళ్లీ కొలుస్తుందట. అప్పుడే నేల కరుగుతోందో లేదో తేలుతుందట. ఆ నేల మీదే ఇళ్లు కట్టుకున్న పక్క ఊరివాళ్లు ఖాళీ చేయాలో వద్దో కూడా అప్పుడే తెలుస్తుందట. "మావయ్యా, ఆ చోటెక్కడో చెప్పు, చాలు" అని నా ప్రాణం తీసింది.

సొంతపిల్ల కదా అని ఫైలు తెరిచాను. చోటు అన్న గడిలో "పోయినేడాది చోటే" అని ఉంది. ఎంత పొదుపైన మాట! పోయినేడాది ఫైలు తెరిచాను. అందులోనూ అదే మాట. తవ్వుకుంటూ తవ్వుకుంటూ అట్టడుగుకు వెళ్తే, మొట్టమొదటి మహానుభావుడు మాత్రం వివరంగా రాశాడు: "ఎర్ర గుడారానికి ఎడమ పక్కన."

గుడారం ఏమైందంటారా? శుభ్రంగా మడతపెట్టి మా స్టోర్‌రూములో దాచాం. ఆర్కైవ్ అంటే ఏమనుకున్నారు!

పిల్ల ఊరుకుంటుందా? అందాజుగా వెళ్లింది. నిన్న అక్కడి నుంచి ఫోన్ చేసింది.

"మావయ్యా, నా ముందంతా నీళ్లే. నేల కరిగిపోయిందా, నేనే వేరే చోటుకొచ్చానా?"

చూశారా నా అదృష్టం! లింకే ఉండి ఉంటే కరిగిందని ఒప్పుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు హాయిగా "నువ్వే దారి తప్పావమ్మా" అనేశాను.

పిల్ల మళ్లీ అడిగింది. "మరి ఊళ్లోవాళ్లు అడుగుతున్నారు. ఎక్కడుండమని చెప్పను?"

పోయినేడాది చోటే ఉండమన్నాను.