పాటై ఇంటికొచ్చిన మరిది

వైజయంతికి మరిది మీద ఉన్న ఫిర్యాదు అతను శనివారం రాత్రి క్లబ్బుకి వెళ్ళి ఆదివారం పొద్దున ర్యాప్ పాటగా మారి తిరిగొచ్చాడని కాదు. మారేవాడు ముందుగా ఒక ముక్క చెప్పి ఉంటే ఇడ్లీపిండి అంత రుబ్బేది కాదని. మరిది సాకేత్ ఒక్కడికే ఒక వాయి కావాలి. పాటలు ఇడ్లీలు తినవు. పిండి పులిసి పులిసి చివరికి అట్లకి కూడా పనికిరాకుండా పోయింది. ఆ ఇంటి మగవాళ్ళు రాత్రి భోజనానికి ఉంటారో ఉండరో చెప్పిన పాపాన ఎప్పుడూ పోలేదు. మరిది ఇంకో మెట్టెక్కి, అసలు ఉంటాడో ఉండడో కూడా చెప్పలేదు.

పాటని ఆటోలో తీసుకొచ్చారు. ఆటో అతను అనుభవజ్ఞుడు. ఆదివారం పొద్దున పూట ఇలాంటివి రెండు మూడు దింపుతుంటాడట. లిఫ్టు దాకా తనే తెచ్చి, మీ ఇంటిదేనేమో సరిచూసుకోండమ్మా, నిన్న పక్క వీధిలో ఒకరిది ఇంకొకరింటికి వెళ్ళిపోయి పెద్ద గొడవైంది అన్నాడు. వైజయంతి గుమ్మంలో నిలబడి రెండు లైన్లు విని మా ఇంటిదే అంది. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ మరిదిదే. పాట లోపలికొచ్చి సోఫాలో అతను రోజూ కూర్చునే మూలనే కూర్చుంది. సన్నగా, నిదానంగా ఉంది. తలుపు తీస్తారన్న ఆశ లేకుండా తలుపు కొడుతున్నట్టు ఉంది దాని బీటు.

మామగారు పద్మనాభం గారు రిజిస్ట్రేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఇంట్లో మాటలు ఆవిడతోనే పోయినట్టు లెక్కేసుకుని పేపరు చదువుకుంటున్న మనిషి. పేపరు దించి, పాట వంక చూసి, స్నానం చేసిందా అని అడిగి మళ్ళీ పేపరెత్తారు. పెద్ద కొడుకు చక్రధర్ అంత కంగారు పడాల్సిందేం లేదన్నాడు. సాకేత్ బ్యాచ్‌వాళ్ళు చాలామంది ఇదివరకే మారిపోయారట. వీడే కాస్త వెనకబడ్డాడు.

అపార్ట్‌మెంటు సెక్రటరీ వచ్చి, అద్దెకున్నవాళ్ళ పాటలైతే ఒప్పుకోమండీ, ఓనర్ల పాటలకి అభ్యంతరం లేదు, లిఫ్టులో మాత్రం పల్లవి పాడకూడదు అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. సాకేత్ ఆఫీసు నుంచి ఏ ఇబ్బందీ రాలేదు. మీటింగుల్లో అతనెప్పుడూ మ్యూట్‌లోనే ఉండేవాడు కాబట్టి పాట కూడా మ్యూట్‌లోనే హాజరైంది. నెలాఖరుకి మేనేజరు, ఈ మధ్య సాకేత్‌లో మంచి మార్పు కనిపిస్తోందని మెయిలు పెట్టాడు.

ఊరికే ఉండకూడదు కదా అని, పాట వచ్చిన మర్నాడే, సోమవారం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. పాత భవనం పై అంతస్తులో ఇందుకోసం ఒక విభాగమే ఉంది. బయట బెంచీల మీద టోకెన్లు పట్టుకుని తల్లిదండ్రులు, వాళ్ళ పక్కన వాళ్ళ వాళ్ళ పాటలు. అందరివీ దాదాపు ఒకే బీటు. డాక్టర్ హైమవతి అనే ఆవిడ నిద్రలేని కళ్ళతో, విసుగు లేకుండా, ఆ రోజుకి ఎన్నోసారో తెలియని మాటలు మళ్ళీ చెప్పింది. క్లబ్బులో మత్తుబిళ్ళ వేసుకున్నారు, గంటల తరబడి గెంతారు, పక్కన తెలిసినవాళ్ళెవరూ లేరు. ఇలాంటప్పుడు మనిషి ఖర్చైపోయి, చెప్పాలనుకున్నది మాత్రం మిగులుతుంది. అదే ఈ పాట.

"మందేమీ లేదండీ. ఇంట్లో ఒక్కరు మొదటినుంచీ చివరిదాకా వినాలి. అంతే. మనిషి తిరిగొస్తాడు," అంది.

ఇంతేనా అన్నాడు చక్రధర్.

ఇంతేనంది డాక్టర్. మధ్యలో మాట్లాడకూడదు. సలహా, మందలింపు, పక్కింటి అబ్బాయి ప్రస్తావన, గట్టి నిట్టూర్పు, ఇవన్నీ అంతరాయం కిందికే వస్తాయి. అంతరాయం కలిగిన చోట లైను రాలిపోతుంది, పాట మళ్ళీ మొదటికొస్తుంది. చివరి చరణంలో అంతరాయం వస్తే మిగతా లైన్లు కూడా ఒకేసారి రాలిపోతాయి. లైన్లన్నీ రాలిపోతే బీటు మిగులుతుంది. బీటుకి వైద్యం లేదు. మీ అపార్ట్‌మెంట్లలో రాత్రిపూట ఏదో డుబుడుబుమని వినిపిస్తే ఫ్రిజ్ అనుకుంటారు, పంపు అనుకుంటారు. అన్నీ ఫ్రిజ్‌లు కావండీ అని చెప్పి, తరవాతి టోకెన్ పిలిచింది.

ఆ సాయంత్రమే చక్రధర్ ఫోను పక్కన పెట్టి పాట ఎదురుగా కూర్చున్నాడు. పాట మొదలుపెట్టింది.

చేతి మీద ముద్ర వేశారు, పేరు అడగలేదు
నాలిక కింద బిళ్ళ పెట్టారు, ఊరు అడగలేదు
ఎన్ని భుజాలో తగిలాయి, నా భుజానికి
ఒక్కటీ ఆగలేదు, ఇటు తిరగలేదు

బిళ్ళ దగ్గరే చక్రధర్‌కి నోరు దురద పెట్టింది. భుజాల దాకా ఆపుకున్నాడు. ఆ తరవాత ఆగలేక, ఒరేయ్, జిమ్ముకెళ్తే మంచి స్నేహాలు దొరుకుతాయి కదరా అన్నాడు. పాట ఆగింది. మళ్ళీ మొదలైనప్పుడు భుజాల లైను లేదు. మర్నాడు ధ్యానం గురించి చెప్పాడు, ఇంకో లైను పోయింది. సొంత తమ్ముడికి ఇంత కూడా చెప్పకూడదా అని అతని బాధ. అది న్యాయమైన బాధేనని విభాగంవాళ్ళు కూడా ఫోనులో ఒప్పుకున్నారు.

పరామర్శకొచ్చిన పిన్నిగారు పాటని ఒళ్ళోకి తీసుకున్నంత పని చేసి, అద్దం లైను దగ్గర, మా వాడూ ఇంతేనమ్మా, పెళ్ళి చేస్తే కుదురుకున్నాడు అంది.

బాత్రూం అద్దంలో ఎవడో నాలాంటోడు
ఎప్పుడొచ్చావురా అంటే, రాలేదన్నాడు

ఆ రెండు లైన్లూ అలా పోయాయి. ఉన్నవాటిలో మంచివి అవేనని వైజయంతి అభిప్రాయం.

ఎందుకంటే పాటని మొదటి నుంచి చివరిదాకా విన్నది ఆమె ఒక్కతే. బీరకాయ చెక్కు తీస్తూ విన్నది, బట్టలు ఆరేస్తూ విన్నది. ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు. విభాగానికి ఫోను చేసి అడిగితే, పని చేస్తూ వింటే చెల్లదమ్మా, ఖాళీగా కూర్చుని వినాలి అన్నారు. సరేనని ఒక మధ్యాహ్నం ఖాళీగా కూర్చుంది. పెళ్ళయి వచ్చాక ఆ హాల్లో ఆమె చేతిలో ఏమీ లేకుండా కూర్చోవడం అదే మొదలు. ఆ దృశ్యం చూసి పద్మనాభం గారు గాభరా పడి, ఒంట్లో బాగాలేదా అమ్మాయ్ అన్నారు. లైను పోయింది. ఇంకో రోజు కూర్చుంటే, ఖాళీగానే ఉన్నావుగా అని చక్రధర్ టీ అడిగాడు. ఇంకోటి పోయింది. ఆమె మళ్ళీ బీరకాయల దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడ కూర్చుంటే కనీసం నష్టం లేదు.

ఇక మిగిలింది పద్మనాభం గారు. ఆయన ససేమిరా అన్నారు. పాటతో తనకేం పని, కొడుకు వచ్చాక కొడుకుతోనే మాట్లాడతానన్నారు. వింటేనే కొడుకు వస్తాడు మామయ్యగారూ అని వైజయంతి ఎన్నిసార్లు చెప్పినా, ముందు రానీ అన్నారు. ఇలా పాట సగానికి సగమైంది. ఒకనాడు సోఫా మూల నుంచి వినిపించే గొంతు వంటింటి దాకా చేరకపోయేసరికి, వైజయంతి గరిటె గట్టు మీద పెట్టి హాల్లోకొచ్చి, ఆయన చేతిలో పేపరు తీసి మడిచింది. ఇంతకుముందు ఆమె అలా ఎన్నడూ చేయలేదు.

"కొన్ని లైన్లే ఉన్నాయి మామయ్యగారూ. మీరు మాట్లాడకుండా కూర్చోండి చాలు. మీకది కష్టం కాదు."

నిజమే, మాట్లాడకుండా ఉండటంలో ఆ ఇంట్లో ఆయనని మించినవారు లేరు. ఆయన కూర్చున్నారు. ముద్ర అయింది, బిళ్ళ అయింది. ఆయన కదల్లేదు. ఫోనులో ఎవరికి చేయాలో తెలియక తన నంబరుకి తనే చేసుకుంటే బిజీ అని వచ్చిందన్న లైను కూడా దాటింది. చక్రధర్ గుమ్మం దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. సోఫా మూల మెత్త మీద మనిషి బరువు పడ్డట్టు గుంట పడటం మొదలైంది. చివరి చరణం వచ్చింది.

చెప్పులేసుకుంటూ నిలబడ్డా, గుమ్మంలో కాసేపు
ఎక్కడికిరా అంటారేమోనని చూశా కాసేపు
అడిగుంటే, ఎక్కడికీ లేదని లోపలికొచ్చేవాణ్ణి

ఆ లైను వైజయంతికి తెలుసు. ముందే చెబితే ఆయనకి అది సలహాలా వినిపిస్తుందని చెప్పలేదు. బయటికి బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదు, అడిగితే వెళ్ళే పని చెడుతుందని పద్మనాభం గారి నమ్మకం. తక్కిన ఇళ్ళలో కనీసం దూరమా అనైనా అంటారు. ఆయన అది కూడా వదిలేశారు. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో చక్రధర్‌ని గుమ్మంలో ఎక్కడికండీ అని అడిగితే, అతన్ని వెనక్కి పిలిచి, మంచినీళ్ళు తాగించి, కాసేపు కూర్చోబెట్టి మరీ పంపించారు. ఆ తరవాత ఆ ఇంట్లో ఎవరినీ ఎవరూ అడగలేదు.

పాటలో ఇంకా ఒక్క లైను ఉంది. వైజయంతి పెదవుల మీద వేలు పెట్టింది. పద్మనాభం గారు నోరు తెరిచారు.

"బయల్దేరేవాణ్ణి అడగకూడదురా. అది మన పద్ధతి," అన్నారు.

పాట ఆగింది. మళ్ళీ మొదలైనప్పుడు మాటలు లేవు. మెత్త మీది గుంట మెల్లగా సర్దుకుంది.

ఆ తరవాత ఇల్లు పెద్దగా మారలేదు. బీటు వల్ల ఇబ్బంది లేదు. పైగా కరెంటు పోయినప్పుడు కూడా ఆడుతుంది. వైజయంతి రుబ్బడానికి నానేసే బియ్యం తగ్గించింది. చక్రధర్ దాని మీద జాలిపడి ఒక మంచి స్పీకరు కొనిపెట్టాడు. ఎదురింటావిడ వచ్చి, మీదీ మాలాంటి ఫ్రిజ్జేనా అని అడిగి, జవాబు వినకుండా వెళ్ళిపోయింది. ఆఫీసువాళ్ళు సాకేత్‌ని టీమ్ లీడు చేశారు.

కొన్నాళ్ళకి కేసు ముగించడానికి విభాగం నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. బీటుకి చెవి ఆనించి, మాటలేవీ లేవని నిర్ధారించుకుని, ఇలాంటివి ఈ వారంలో ఈ వీధిలోనే చాలా చూశానన్నాడు. వైజయంతి ఇచ్చిన మజ్జిగ తాగి లేచాడు. అప్పటిదాకా పేపరు వెనక ఉన్న పద్మనాభం గారు అతన్ని ఆపారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా బాబూ?"

"ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకోండి సార్. అంతరాయం కిందికి రాదు. చాలామంది ఈ దశలోనే మొదలుపెడతారు," అన్నాడు అతను చెప్పులేసుకుంటూ.

పద్మనాభం గారు కుర్చీని సోఫా మూలకి జరుపుకున్నారు. బీటు తన మానాన తను కొట్టుకుంటోంది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోలేదు.

"అడగాల్సిందిరా," అన్నారు, ఇంట్లో అందరికీ వినబడేలా. "తప్పు నాదే."